టీ షర్టుల షాపుకి ఏ ప్రింటింగ్ సరిపోతుంది: స్క్రీన్, డీటీఎఫ్, సబ్లిమేషన్, డీటీజీ

ప్రశ్న: రాజమండ్రిలో కస్టమ్ టీ షర్టుల షాపు పెట్టాలనుకుంటున్నాను. చేతిలో 6 లక్షలు ఉన్నాయి. డీటీఎఫ్ మెషిన్ కొనేయమని డీలర్ అంటున్నాడు. స్క్రీన్ ప్రింటింగే నమ్మకం అని మా బాబాయ్ అంటున్నారు. వినాయక చవితి కమిటీ వాళ్లు 150 టీ షర్టులు, ఒక క్రికెట్ టీమ్ వాళ్లు 16 జెర్సీలు ఇప్పటికే అడిగారు. ఏది కొనమంటారు?

జవాబు:

డీలర్ చెప్పిందీ అబద్ధం కాదు, మీ బాబాయ్ గారు చెప్పిందీ అబద్ధం కాదు. ఇద్దరి మనసులో ఉన్న ఆర్డర్లు వేరు, అంతే. నేను శుభలేఖలు వేసే స్క్రీన్ దగ్గర పని నేర్చుకుని ఇటు వచ్చినవాణ్ణి. ఇప్పుడు మా షాపులో స్క్రీన్ టేబుల్ ఉంది, డీటీఎఫ్ (ఫిల్మ్ మీద ప్రింట్ తీసి టీ షర్టుకి నొక్కే పద్ధతి) ఉంది, సబ్లిమేషన్ (కాగితం మీది రంగును వేడితో బట్టలోకి ఎక్కించే పద్ధతి) కూడా నడుస్తోంది. మూడూ అన్నం పెడుతున్నాయి కాబట్టి దేన్నీ తక్కువ చేసి చెప్పను. మీకు నా సలహా ఒక్కటే: ఇప్పుడే ఏ ప్రింటరూ కొనొద్దు. మంచి హీట్ ప్రెస్ (ప్రింట్‌ను వేడి పలకతో బట్ట మీద నొక్కే మెషిన్) ఒకటి కొనండి, ప్రింటింగ్ బయట జాబ్ వర్క్‌కి ఇవ్వండి. మీ షాపుకి ఏ రకం ఆర్డర్లు ఎక్కువ వస్తున్నాయో కొన్ని నెలలు చూసి, అప్పుడు దానికి తగ్గ మెషిన్ కొనండి. ఎందుకో వివరంగా చెబుతాను.

ఏ పద్ధతి వాడాలన్నది ముందు బట్ట చెబుతుంది, తర్వాత పీసుల సంఖ్య, ఆ తర్వాత డిజైన్‌లో ఉన్న రంగులు. చాలామంది ఈ వరస తిరగేస్తారు. ముందు మెషిన్ కొంటారు, తర్వాత దానికి తగ్గ ఆర్డర్ల కోసం వెతుకుతారు. అవి దొరకని రోజున ఏ బట్ట వచ్చినా అదే మెషిన్ మీద వేసేసి కస్టమర్‌ను పోగొట్టుకుంటారు.

అందుకని బట్టను గుర్తుపట్టడం ముందు నేర్చుకోండి. హోల్‌సేల్‌లో ప్యూర్ కాటన్ అని ఇచ్చినదాంట్లో పాలియెస్టర్ కలిసి ఉండటం మామూలే. టీ షర్టు లోపలి అంచు నుంచి రెండు మూడు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. లాగేటప్పుడు కుట్టు దారం కాకుండా బట్ట పోగే లాగాలి, ఎందుకంటే కాటన్ టీ షర్టుకి కూడా కుట్టు దారం పాలియెస్టరే ఉంటుంది చాలావరకు. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, వేళ్ల మధ్య నలిపితే బూడిద మెత్తగా రాలిపోతుంది. పాలియెస్టర్ అయితే ముడుచుకుని కరుగుతుంది, చల్లారాక చివర గట్టి పూసలా మిగులుతుంది. బూడిదా పూసా రెండూ కనిపిస్తే అది మిక్సింగ్ బట్ట. ప్రతి కొత్త లాట్‌కీ ఈ పని చేయండి. నిమిషం కూడా పట్టదు.

బట్ట తెల్లటి లేదా లేత రంగు పాలియెస్టర్ అయితే సబ్లిమేషన్‌ని మించింది లేదు. కాగితం మీద డిజైన్‌ను అద్దంలో కనిపించినట్టు తిప్పి ప్రింట్ తీస్తారు. బట్ట మీద పెట్టి 190 నుంచి 205 డిగ్రీల దగ్గర 40 నుంచి 60 సెకన్లు నొక్కితే రంగు ఆవిరై పోగులోకే వెళ్లిపోతుంది. చేత్తో తడిమితే ప్రింట్ ఉన్నట్టే తెలియదు. పగలదు, ఊడదు. అయితే దీనికి తెల్ల ఇంకు ఉండదు, కాబట్టి నల్ల బట్ట మీద పనికిరాదు. కాటన్‌కి ఈ రంగు అంటదు. ప్రెస్ తీయగానే బాగానే కనిపిస్తుంది, రెండు మూడు ఉతుకులకి వెలిసిపోతుంది. మిక్సింగ్ బట్ట మీద వేస్తే పాలియెస్టర్ ఉన్నంత మేరకే రంగు నిలుస్తుంది, మిగతాది నీళ్లలో పోయి పాతబడ్డ బట్టలా తయారవుతుంది.

మీ 16 జెర్సీలకు ఇదే దారి. కానీ రెడీమేడ్ తెల్ల జెర్సీ కొని దాని మీద మొత్తం ప్రింట్ నొక్కొద్దు. చంకల దగ్గర, భుజం కుట్టు పక్కన బట్ట మడత పడుతుంది, ఆ మడత లోపలికి రంగు వెళ్లదు. ఆటగాడు చెయ్యి ఎత్తగానే తెల్ల గీతలు బయటపడతాయి. జెర్సీ యూనిట్ల వాళ్లు ముందు ప్రింట్ చేస్తారు, తర్వాత ముందు భాగం, వెనక భాగం, చేతులు విడివిడిగా కత్తిరించి కుడతారు. ఆ పని వాళ్లకే ఇవ్వండి. పేర్లు, నంబర్లు కూడా డిజైన్ ఫైల్‌లోనే పెట్టి పంపండి. సబ్లిమేషన్‌లో ప్రతి పీసూ వేరుగా ఉన్నా ప్రింట్ ఖర్చు పెరగదు, అదే దీని గొప్పతనం. సైజు, పేరు, నంబరు మూడూ ఒకే పట్టికలో రాసి కెప్టెన్ చేత చూపించి, సరే అని వాట్సాప్‌లో పెట్టించుకున్నాకే యూనిట్‌కి పంపండి.

ఇక 150 టీ షర్టుల సంగతి. కమిటీ ఆర్డర్లు సాధారణంగా ఎలా ఉంటాయో చూద్దాం. కాషాయం రంగు కాటన్, వీపు మీద గణపతి గీత బొమ్మ, కింద కాలనీ పేరు, ఒకటి లేదా రెండు రంగులు, అన్నీ ఒకేలా. ఇది అచ్చంగా స్క్రీన్ ప్రింటింగ్ కోసం పుట్టిన ఆర్డర్. లెక్క ఎలా వేయాలో చూపిస్తాను. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు, మీ ఊరి రేట్లు కనుక్కుని వాటి స్థానంలో పెట్టుకోండి.

డిజైన్ 28 సెంటీమీటర్ల వెడల్పు, 24 సెంటీమీటర్ల ఎత్తు అనుకుందాం. 60 సెంటీమీటర్ల డీటీఎఫ్ రోల్ మీద పక్కపక్కన 2, పొడవునా 4, అంటే మీటరుకి 8 ప్రింట్లు వస్తాయి. మీటరు 320 రూపాయలైతే ఒక్కో ప్రింట్ 40 పడుతుంది. ఒక్కటి వేసినా 40, వెయ్యి వేసినా ఇంచుమించు 40. స్క్రీన్‌లో అలా కాదు. రంగుకొక స్క్రీన్, అంటే డిజైన్ అచ్చు ఉన్న జాలీ చట్రం, చేయాలి. ఫిల్మ్, ఎమల్షన్, ఎక్స్‌పోజింగ్ అన్నీ కలిపి ఒక్కో స్క్రీన్‌కి 600 అనుకుంటే రెండు రంగులకి 1,200 ముందే అయిపోతాయి. ఆ తర్వాత ఒక్కో టీ షర్టుకి ఇంకు, కూలీ కలిపి 12 పడుతుంది అనుకోండి. పీసుకి 28 రూపాయలు తేడా. 1,200ని 28తో భాగిస్తే దాదాపు 43. అంటే 43 పీసుల లోపు డీటీఎఫ్ చవక, ఆ పైన స్క్రీన్ చవక. 150 పీసులకి డీటీఎఫ్‌లో 6,000 అయ్యేది స్క్రీన్‌లో 3,000తో అయిపోతుంది. పైగా డీటీఎఫ్ ప్రింట్లు వచ్చాక ఒక్కో టీ షర్టూ మీరు ప్రెస్ మీద నొక్కాలి, ఆ టైమ్ కూడా ఖర్చే. డిజైన్ ఆరు రంగులైతే మాత్రం స్క్రీన్ల ఖర్చే 3,600 అవుతుంది, పీసు ఖర్చు కూడా 12 దాటుతుంది. అప్పుడు ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి. ఫోటో లాంటి బొమ్మ అయితే చిన్న ఆర్డర్లలో స్క్రీన్ జోలికి పోకండి.

స్క్రీన్ వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఏ ఇంకు వాడుతున్నారో తప్పకుండా అడగండి. మన దగ్గర రెండు రకాలు నడుస్తాయి. ఒకటి ప్లాస్టిసాల్. ఇది గాలికి ఆరదు, దాదాపు 160 డిగ్రీల వేడి ఇంకు అడుగు దాకా తగిలితేనే పండుతుంది. పైన ఆరినట్టు కనిపించి లోపల పచ్చిగా ఉంటే నాలుగు ఉతుకుల్లో పెంకులు పెంకులుగా పగులుతుంది. సాంపిల్ పీసును రెండు చేతులతో పట్టుకుని ప్రింట్ ఉన్న చోట గట్టిగా సాగదీయండి. సరిగ్గా పండినది బట్టతో పాటు సాగి వెనక్కి వస్తుంది, పచ్చిది చీలుతుంది. రెండోది వాటర్ బేస్డ్ పిగ్మెంట్, దాంట్లో తెలుపు కావాలంటే ఖాదీ వైట్ అంటారు. చెయ్యి పెడితే మెత్తగా ఉంటుంది, చెమటకి చిరాకు పెట్టదు. కాషాయం మీద తెలుపు నిండుగా రావాలంటే రెండు పూతలు వేయాలి. చిన్న యూనిట్లలో దీన్ని ఎండలో ఆరబెట్టి ఇచ్చేస్తుంటారు. ఫిక్సర్ (రంగును బట్టకి పట్టి ఉంచే మందు) కలిపారా, ఆరిన తర్వాత వేడి పట్టించారా అని అడగండి. హీట్ ప్రెస్ మీ దగ్గరే ఉంటే అనుమానం వచ్చిన పీసులకి మీరే మీద కాగితం వేసి వేడి పట్టించుకోవచ్చు. మే నెల ఎండల్లో ఈ ఇంకు స్క్రీన్ జాలీలోనే, అంటే మెష్‌లోనే, ఆరిపోయి కన్నాలు మూసుకుపోతాయి. అందుకని ఎండాకాలంలో పొద్దున్నే వేసిన పీసులు శుభ్రంగా ఉండి మధ్యాహ్నం వేసినవి మచ్చలు మచ్చలుగా వస్తే కారణం అదే అని గుర్తుపట్టండి.

చవితి ఆర్డర్‌కి ఇంకో రెండు జాగ్రత్తలు. పండగ దగ్గర పడేకొద్దీ కాషాయం టీ షర్టులు హోల్‌సేల్‌లో దొరకవు, దొరికినా వేరే లాట్ అయి షేడ్ తేడా వస్తుంది. 150 కూడా ఒకే లాట్‌లో, నాలుగైదు పీసులు ఎక్కువగా తీసుకోండి. సైజులు మనిషిని అడిగి రాసుకుంటే తప్పులు వస్తాయి. ఎమ్ నుంచి డబుల్ ఎక్స్ఎల్ దాకా ఒక్కో పీసు కమిటీ దగ్గరికి పట్టుకెళ్లి తొడిగించి చూసి రాసుకోండి. సగం డబ్బు అడ్వాన్స్ తీసుకోకుండా బట్ట కొనొద్దు. పండగ అయ్యాక కమిటీ దగ్గర వసూలు చేయడం ఎంత కష్టమో ఈ లైన్‌లో ఎవరినైనా అడగండి.

ఇప్పుడు డీటీఎఫ్. కోవిడ్ తర్వాత మన వైపు ఊరూరా వచ్చింది, రావడానికి కారణం ఉంది. కాటన్, పాలియెస్టర్, మిక్సింగ్, నలుపు, తెలుపు, దేని మీదైనా అంటుకుంటుంది. ఒక్క పీసైనా ఫోటో క్వాలిటీలో ఇవ్వొచ్చు. ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ముందు రంగులు, వాటి మీద తెల్ల ఇంకు పడతాయి. తడిగా ఉండగానే జిగురు పౌడర్ చల్లి, వేడితో కరిగిస్తారు. ఆ ఫిల్మ్‌ను టీ షర్టు మీద పెట్టి 150 నుంచి 160 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 సెకన్లు నొక్కి, ఫిల్మ్ పీకేస్తే ప్రింట్ బట్ట మీద ఉండిపోతుంది. పుట్టినరోజు టీ షర్టులు, కాలేజీ ఫేర్‌వెల్, కుటుంబాల గెట్ టుగెదర్, ఇలాంటి పది ఇరవై పీసుల ఆర్డర్లు మీకు రోజూ వస్తాయి. వాటన్నింటికీ ఇదే.

మరి మెషిన్ ఎందుకు వద్దంటున్నాను? దీని ప్రాణమంతా తెల్ల ఇంకులో ఉంది. తెలుపు కోసం వాడే టైటానియం డయాక్సైడ్ బరువైన పొడి. కదపకుండా ఉంచితే అడుగుకి దిగిపోతుంది, గొట్టాల్లో, ఇంకు ఒత్తిడిని సర్దే డ్యాంపర్లలో, ఇంకు చిమ్మే హెడ్‌లో పేరుకుంటుంది. రోజూ ఇంకు కదపాలి, హెడ్ కన్నాలన్నీ పనిచేస్తున్నాయో చూసే నాజిల్ చెక్ తీయాలి, హెడ్‌ను మూసే క్యాపింగ్ దగ్గర తుడవాలి. ఆర్డర్ లేని రోజు కూడా కొంచెం ప్రింట్ తీయాలి. సంక్రాంతికి మూడు రోజులు షాపు మూసి ఊరెళ్లిపోతే తిరిగొచ్చేసరికి హెడ్ మూసుకుపోయి ఉండొచ్చు. హెడ్ మార్చడం చిన్న ఖర్చు కాదు. ఫోటో ప్రింటర్‌ను మార్చి తయారుచేసిన చవక మెషిన్లలో ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ, ఎందుకంటే అవి తెల్ల ఇంకు కోసం చేసినవి కావు, కంపెనీ వారంటీ కూడా వాటికి వర్తించదు.

తర్వాత గాలి. రాజమండ్రిలో వానాకాలం తేమ మీకు తెలిసిందే. ఆ తేమకి జిగురు పౌడర్ ఉండలు కడుతుంది, ఫిల్మ్ మీద ఇంకు లేని చోట కూడా అంటుకుంటుంది. నొక్కాక డిజైన్ చుట్టూ ఉప్పు చల్లినట్టు గరుకుగా తెల్ల చుక్కలు కనిపిస్తాయి. రాయలసీమలో, తెలంగాణలో ఎండాకాలం దీనికి రివర్స్. గాలి మరీ పొడిగా ఉండి ఫిల్మ్‌కి స్టాటిక్ కరెంటు పట్టి పౌడర్‌ను లాగేస్తుంది. అందుకే మెషిన్ ఉన్న గదికి ఏసీ కావాలి, గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంచాలి. కరెంటు పోయినప్పుడు హెడ్ క్యాప్ మీదకి రాకుండా మధ్యలో ఆగిపోతే ఇంకు ఆరిపోతుంది, కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. పౌడర్ కరిగేటప్పుడు వచ్చే పొగ బయటికి పోయే దారి ఉండాలి. చిన్న గదిలో తలుపులు మూసుకుని ఆ పొగలో పని చేయొద్దు, మీ కుర్రాళ్ల చేత చేయించొద్దు. డీలర్ కొటేషన్‌లో ఇవేవీ ఉండవు.

మెషిన్ ఎప్పుడు కొనాలన్న దానికి కూడా లెక్క ఉంది. మళ్లీ ఊహించుకున్న అంకెలే. బయట మీటరు 320కి దొరుకుతోంది, సొంతంగా తీస్తే ఇంకు, ఫిల్మ్, పౌడర్ కలిపి మీటరుకి 150 అవుతుంది అనుకోండి. మీటరుకి 170 మిగులు. ఈఎంఐ, ఆపరేటర్ జీతం, ఏసీ కరెంటు, హెడ్ కోసం పక్కన పెట్టే డబ్బు కలిపి నెలకి 34,000 అయితే, నెలకి 200 మీటర్లు తీస్తేనే మీరు సమానం అవుతారు. 25 పని దినాలకి రోజుకి 8 మీటర్లు. బయట వేయించే బిల్లులు వరుసగా మూడు నాలుగు నెలలు ఆ అంకె దాటితే కళ్లు మూసుకుని కొనండి. అంతకంటే తక్కువైతే, ఇప్పటికే ఆ మెషిన్ కొని పని కోసం చూస్తున్నవాళ్లు విజయవాడలోనూ మీ ఊళ్లోనూ ఉన్నారు, మీటర్ల లెక్కన వాళ్లే మీకు సంతోషంగా వేసిస్తారు. సాయంత్రం ఫైల్ పంపితే మర్నాడు బస్సు పార్శిల్‌లో రోల్ వచ్చేస్తుంది. రోల్‌లో మిగిలిన ఖాళీల్లో ఛాతీ మీద వేసే చిన్న లోగోలు, పిల్లల పేర్లు ఇరికించి ఫైల్ చేయడం నేర్చుకోండి. లాభంలో పెద్ద భాగం అక్కడే ఉంటుంది.

డీటీఎఫ్ లోపాలు కస్టమర్‌కి ముందే చెప్పండి. అది బట్ట మీద పొరలా కూర్చుంటుంది. వీపు నిండా ఖాళీలు లేకుండా పెద్ద బొమ్మ వేస్తే మన ఎండలకి ఆ పొర కింద చెమట కారుతుంది, ఒక్కసారి వేసుకున్నవాడు మళ్లీ ముట్టుకోడు. అలాంటి డిజైన్ వస్తే నల్ల టీ షర్టు మీద నల్ల భాగాన్ని తీసేయండి, బట్ట రంగునే అక్కడ వాడుకోండి. పెద్ద పెద్ద రంగు పలకలని చుక్కల కింద విడగొట్టండి. బట్టకి గాలి ఆడుతుంది, ఇంకు కూడా తగ్గుతుంది. ఫిల్మ్ పీకాక పైన బటర్ పేపర్ వేసి ఇంకోసారి నొక్కడం చాలామంది మానేస్తారు. ఆ రెండో నొక్కుడుతో ప్రింట్ పోగుల్లోకి దిగుతుంది, మెరుపు తగ్గుతుంది, ఉతుకులు ఎక్కువ కాస్తుంది. ఎరుపు, మెరూన్, నేవీ బ్లూ పాలియెస్టర్ మీద జాగ్రత్త. వేడికి బట్టలోని రంగు పైకి లేచి ప్రింట్‌లోని తెలుపులోకి పాకుతుంది. ఇచ్చిన రోజు తెల్లగా ఉన్న నంబరు రెండు రోజులకి గులాబీ రంగుకి తిరుగుతుంది. అలాంటి బట్టకి తక్కువ వేడిలో అంటుకునే పౌడర్ వాడిన ప్రింట్ అడగండి, ఒక పీసు నొక్కి రెండు రోజులు ఆగి చూసి మిగతావి చేయండి.

డీటీజీ గురించి తక్కువే చెబుతాను. టీ షర్టును ప్రింటర్‌లో పెట్టి నేరుగా ఇంకు వేయడం ఇది. కాటన్ మీద, ముఖ్యంగా తెల్ల కాటన్ మీద, ఇంత అందంగా, మెత్తగా ఫోటో ఇంకేదీ ఇవ్వదు. ముదురు రంగులకి ముందుగా ప్రీట్రీట్‌మెంట్ ద్రవం చల్లి ఆరబెట్టి, తెల్ల ఇంకు పరిచి, దాని మీద రంగులు వేయాలి. తెల్ల ఇంకు బాధలన్నీ దీనికీ ఉన్నాయి. ఎప్సన్, బ్రదర్, కార్నిట్ లాంటి కంపెనీలవి మంచి మెషిన్లే కానీ, ఆన్‌లైన్‌లో రోజంతా ఒక్కో పీసు చొప్పున ఆర్డర్లు వచ్చేవాళ్లకి అవి కిట్టుబాటు. 6 లక్షల్లో షాపంతా పెట్టుకోవాల్సిన మీకు ఇప్పుడు దాని ఆలోచన వద్దు.

వినైల్ కటింగ్‌ని, అంటే రంగు ప్లాస్టిక్ షీటులోంచి అక్షరాలు కత్తిరించి బట్టకి నొక్కే పద్ధతిని, మాత్రం తీసిపారేయకండి. ఆ షీటును కత్తిరించే చిన్న ప్లాటర్ ఒకటి ఉంటే, అప్పటికప్పుడు వచ్చి పేరూ నంబరూ అడిగేవాళ్లకి పావుగంటలో ఇచ్చి పంపొచ్చు. ఎంబ్రాయిడరీ సొంతంగా పెట్టొద్దు, మగ్గం వర్క్ షాపుల చుట్టుపక్కలే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వాళ్లు ఉంటారు. హోటళ్లు, హాస్పిటళ్లు, స్కూళ్లు కాలర్ టీ షర్టుల మీద లోగో అడిగినప్పుడు వాళ్లకి ఇవ్వండి. ఛాతీ లోగోకి ఎన్ని వేల కుట్లు పడతాయో దాని మీద రేటు ఉంటుంది. పల్చటి రౌండ్ నెక్ మీద వేయిస్తే బట్ట ముడతలు పడుతుంది, కాబట్టి కాస్త మందం ఉన్న కాలర్ బట్టకే ఒప్పుకోండి.

ఇంగ్లీషు వీడియోల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది, మన అక్షరాలు. మీకు వచ్చే ఆర్డర్లలో సగం పైన తెలుగులో ఉంటాయి. ఇంగ్లీషు అక్షరం పెద్ద గీతలతో నిలబడుతుంది. మనవాటికి తలకట్లు, గుడులు, కింద వత్తులు. ‘లక్ష్మి’, ‘స్త్రీ’ అని చిన్న సైజులో వేయమంటే కింది వత్తు వెంట్రుక అంత సన్నబడుతుంది. డీటీఎఫ్‌లో ఒక మిల్లీమీటరు కంటే సన్నని గీత మీద పౌడర్ సరిగ్గా నిలవదు, ఉతుకులో ముందు ఊడేది ఆ వత్తే. స్క్రీన్‌లో ముతక మెష్ వాడితే గీత అంచులు రంపపు పళ్లలా వస్తాయి. నిండు తెలుపు కోసం సెంటీమీటరుకి 43 దారాల మెష్ వాడతారు, సన్నని తెలుగు అక్షరాలకి 77 దారాలదో అంతకంటే సన్ననిదో అడగండి. వినైల్‌లో ఇంకో ప్రమాదం. కట్ చేశాక అక్కర్లేని ముక్కలు పీకేటప్పుడు ‘థ’ మధ్యలో చుక్క కూడా వాటితో పాటే వచ్చేస్తుంది. ‘రథోత్సవం’ కాస్తా ‘రధోత్సవం’ అవుతుంది. గుడి కమిటీ పెద్దలు అది చూడగానే పట్టేస్తారు. తెలుగు వినైల్ పీకే పని చూపు బాగా ఆనే మనిషికే ఇవ్వండి, నొక్కే ముందు రాసిన కాగితం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి.

ఫైళ్లతో కూడా తంటా ఉంది. కస్టమర్ ఫోన్‌లో టైప్ చేసింది యూనికోడ్. మన డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, డిజైనర్ మళ్లీ టైప్ చేస్తాడు, అక్కడ తప్పులు దూరతాయి. యూనికోడ్ ఫాంటే వాడినా డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగ్ ఆన్ చేయకపోతే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. అందుకని జాబ్ వర్క్‌కి ఫైల్ పంపే ముందు అక్షరాలని కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలోకి, మార్చేయండి. ఆ తర్వాత ఏ కంప్యూటర్‌లో తెరిచినా మారదు. ఆఖరి ప్రూఫ్ ఆర్డర్ ఇచ్చినవాళ్లకి పంపి, చదివి ఓకే అని రాయమనండి. వాళ్లు పంపే బొమ్మ వాట్సాప్ ఫోటోలా వస్తే కుంచించుకుపోయి ఉంటుంది, డాక్యుమెంట్‌గా పంపించమనండి.

డబ్బులు బాగా పెట్టాల్సింది హీట్ ప్రెస్ మీద. చవక ప్రెస్‌లలో పలక అంతా ఒకేలా వేడెక్కదు, డిస్‌ప్లే మీద 160 అని ఉన్నా ఒక మూల 140 దగ్గరే ఉండిపోవచ్చు. కొనేటప్పుడే టెంపరేచర్ గన్ పట్టుకెళ్లి నాలుగు మూలలా, మధ్యలో కొలవండి. ఒత్తిడి సమంగా ఉందో లేదో తెలియాలంటే ప్రెస్ చల్లగా ఉండగా నాలుగు మూలలా నాలుగు కాగితం ముక్కలు పెట్టి మూసి లాగండి. ఏదైనా ఒకటి సులువుగా జారి వచ్చేస్తే ఆ మూల పట్టు లేదు. ఇలాంటి ప్రెస్ రెండు కిలోవాట్ల దాకా కరెంటు లాగుతుంది. 16 ఆంప్స్ ప్లగ్, దానికి విడిగా వైరు వేయించుకోండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద నడపొద్దు. టీ షర్టు మీద ప్రింట్ పెట్టే ముందు నాలుగైదు సెకన్లు ఖాళీగా నొక్కి తేమ పోగొట్టండి, గోదావరి గాలిలో అది మానకూడదు.

మిగతా డబ్బులో ప్లాటర్, కంప్యూటర్, తిరుప్పూర్ నుంచి తెప్పించే ఖాళీ టీ షర్టుల స్టాకు పోను కనీసం రెండు లక్షలు చేతిలో ఉంచుకోండి. స్టాకు నలుపు, తెలుపు, నేవీ రంగుల్లో 180 జీఎస్ఎమ్ (చదరపు మీటరు బట్టకి 180 గ్రాముల బరువు) బయోవాష్ (నూగు పోయేలా కడిగి మెత్తగా చేసిన) కాటన్‌తో మొదలుపెట్టండి. ఒకే డిజైన్‌ను స్క్రీన్‌లో, డీటీఎఫ్‌లో, వినైల్‌లో వేయించి ఒక్కో పీసును ఇంట్లో వాషింగ్ మెషిన్‌లో పదిసార్లు ఉతికి, ఉతకని పీసు పక్కన షాపులో వేలాడదీయండి. కస్టమర్ తన చేత్తో తడిమి చూసి ఎంచుకుంటాడు, రేటు దగ్గర బేరం కూడా తగ్గుతుంది. సినిమా హీరోల స్టిల్స్, ఐపీఎల్ టీముల లోగోలు, పెద్ద బ్రాండ్ల గుర్తులు వేసి అమ్మకానికి పెట్టొద్దు. కాపీరైట్, ట్రేడ్‌మార్క్ చట్టాల కింద సరుకు పట్టుకుపోతే కొత్త షాపు తట్టుకోలేదు.

రేపు డీటీఎఫ్ కొనే రోజు వచ్చినప్పుడు డీలర్‌ను ఇవి అడగండి. హెడ్‌కి వారంటీ ఉందా, ఉంటే ఎన్ని నెలలు, ఇంకు గడ్డకట్టి మూసుకుపోతే అది వర్తిస్తుందా? హెడ్ స్టాకు మన రాష్ట్రంలో ఉందా, బయట నుంచి రావాలా? సర్వీస్ మనిషి ఏ ఊళ్లో ఉంటాడు? వేరే కంపెనీ ఇంకు పోస్తే వారంటీ పోతుందా? ఇదే మెషిన్ ఏడాది పైగా నడుపుతున్న ఇద్దరు కస్టమర్ల షాపులు చూపించగలరా? వాళ్ల దగ్గరికి డీలర్ లేకుండా వెళ్లండి, వెళ్లినప్పుడు మీ సొంత ఫైల్ పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్లి, సన్నని తెలుగు అక్షరాలూ ముఖం ఫోటో రెండూ ఉన్న డిజైన్ మీ ముందే ఒక మీటరు తీయించండి. దానికి వాళ్లడిగిన డబ్బు ఇచ్చి ఇంటికి తెచ్చి నొక్కి, ఉతికి చూశాకే అడ్వాన్స్ కట్టండి.